బానెట్ మూసిన చెయ్యి

మేస్త్రి అరచెయ్యి గురించి తెలియని డ్రైవరు ఆ రోడ్డులో లేడు. బండి వచ్చి ఆగీ ఆగకముందే బానెట్ ఎత్తి, ఇంజిన్లోంచి రేడియేటర్‌కి వెళ్ళే పై గొట్టాన్ని ఒక్క క్షణం పట్టుకుని, కళ్ళు సగం మూసి, "ఎనభై అయిదు" అనేవాడు. అనుమానం ఉన్నవాళ్ళు మీటరు పెట్టి చూసుకుంటే ఎనభై నాలుగో, ఎనభై ఆరో చూపించేది. "మీ మీటరు ఎవరికైనా చూపించుకోండి" అనేవాడు మేస్త్రి, చెయ్యి తుడుచుకుంటూ. పాత బళ్ళు వేడెక్కితే చుట్టుపక్కల నాలుగు వీధులవాళ్ళూ ఆయన దగ్గరికే పంపేవాళ్ళు. అలా వేడి మేస్త్రి అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు ఆయన కోపానికి కూడా సరిగ్గా అతుకుతుందని భార్య అనేది గానీ, ఆ మాట షెడ్డు దాకా రానిచ్చేది కాదు.

షెడ్డు సరిగ్గా కొండరోడ్డు మొదట్లో ఉంది. ఎక్కబోయే బళ్ళు అక్కడ ఆగి నీళ్ళు పోసుకునేవి, దిగొచ్చిన బళ్ళు అక్కడ ఆగి ఊపిరి పీల్చుకునేవి. ముందు గదిలో బల్ల మీద మూతలేని పెద్ద గాజు సీసా ఉండేది. ఒకప్పుడు వంటింట్లో పంచదార పోసుకున్న సీసా అది. ఇప్పుడు దాన్నిండా ఇత్తడి బిళ్ళలు. ఇంజినుకీ రేడియేటర్‌కీ మధ్య కూర్చునే థర్మోస్టాట్లు. నీళ్ళు చల్లగా ఉన్నంతసేపు దారి మూసి ఉంచి, బాగా కాగాక తెరిచే చిన్న తలుపులన్నమాట. మేస్త్రి దృష్టిలో వాటంత పనికిమాలిన సామాను బండి మొత్తంలో ఇంకోటి లేదు. "తలుపంటూ ఉంటేగా ఇరుక్కునేది! పీకి పారేస్తే నీళ్ళు ధారాళంగా తిరుగుతాయి, ఇంజిను చల్లగా పడుంటుంది" అనేవాడు. పాత బండి ఏదైనా వేడెక్కుతోందని వస్తే చాలు, మొదటి పని ఆ బిళ్ళ పీకి సీసాలో వెయ్యడమే. కొత్తగా వచ్చినవాళ్ళకి సీసా ఊపి చప్పుడు వినిపించేవాడు. "ఇన్ని బళ్ళకి జ్వరం తగ్గించాను. చూసుకోండి!"

ఆ తర్వాత లోపల హీటరు పనిచెయ్యడం లేదనో, పెట్రోలు తెగ తాగుతోందనో ఎవరైనా గొణిగితే ఆయన దగ్గర ఒకటే జవాబు. "ముసలి బండి, అంతే!"

ఇక షెడ్డుకి ఒకే ఒక్క చట్టం. బానెట్ ఎవరు మూస్తే పూచీ వాళ్ళది. పనిలో ఎన్ని చేతులైనా పడనీ, చివర్లో బానెట్ దించి రెండు చేతులతో నొక్కి మూసినవాడే ఆ బండికి జవాబుదారీ. బండి తిరిగొస్తే తిట్లు వాడే పడాలి, మళ్ళీ వాడే విప్పాలి. ఈ చట్టం పెట్టింది మేస్త్రే. ఎంతమంది పనివాళ్ళు వచ్చి వెళ్ళినా అది మాత్రం మారలేదు.

మూడేళ్ళుగా ఆయన కూతురు కూడా అక్కడే పనిచేస్తోంది. స్పానర్లు గుడ్డ సంచిలో వరసగా చుట్టుకుని ఉదయం ఎనిమిదికల్లా వచ్చేది. ఏ నట్టు ఎంతదాకా బిగించాలో, ఎక్కడ ఆపకపోతే తెగుతుందో ఆమె మణికట్టుకి తెలుసు. గొట్టం క్లిప్పు బిగించాక అందరూ లాగి చూస్తారు. ఆమె బిగించింది లాగి చూడాల్సిన అవసరం ఉండేది కాదు. ఆ సంగతి అందరికన్నా ముందు కనిపెట్టింది మేస్త్రే, కాకపోతే ఏనాడూ నోరు తెరిచి అనలేదు. మూడేళ్ళలో ఆమె చేత ఒక్కసారి కూడా బానెట్ మూయించలేదు.

*

గురువారం పొద్దున టీచరమ్మ బండి మూడోసారి తిరిగొచ్చింది.

టీచరమ్మ కొండ మీది బడిలో పాఠాలు చెబుతుంది. ఇరవై ఏళ్ళ నాటి చిన్న కారు ఆమెది. రోజూ పొద్దున్నే ఎక్కి, సాయంత్రం దిగుతుంది. ఎనిమిది నెలల క్రితం వేడెక్కుతోందని తెస్తే మేస్త్రి మామూలుగానే బిళ్ళ తీయించాడు. వేసవి సెలవుల్లో కొండెక్కే పని లేక బాగానే నడిచింది. బడి తెరిచాక ఎత్తు మీద మళ్ళీ వేడెక్కడం మొదలై, చలికాలానికి రెండు రోగాలు ఒకేసారి పట్టుకున్నాయి.

"దిగేటప్పుడు చలి, ఎక్కేటప్పుడు మంట మేస్త్రిగారూ," అంది టీచరమ్మ. ఒంటి మీద శాలువా, మెడకి మఫ్లరు, చేతిలో బల్ల తుడిచే గుడ్డ. "హీటరు పెడితే గాలి వస్తుంది గానీ వెచ్చదనం రాదు. అద్దం లోపల ఆవిరి పట్టేస్తుంది. నిన్న మలుపు దగ్గర ఈ గుడ్డతో తుడుచుకుంటూ కూర్చుంటే చక్రం రోడ్డు దిగిపోయింది. ఇంకో మూర జరిగుంటే మీతో ఇలా మాట్లాడేదాన్ని కాదు."

షెడ్డు ముందు బెంచీ మీద టాక్సీవాళ్ళు టీ తాగుతున్నారు. వాళ్ళందరికీ పెద్ద హారన్ బాబాయ్. బండి హారను పాడైపోయి చాలా ఏళ్ళయింది. ఆయన గొంతే హారను కాబట్టి బాగుచేయించుకోలేదు. చెవుల మీదకి ఉన్ని టోపీ లాక్కుని, "ఏంటి మేస్త్రీ, మూడోసారా?" అని ఒక్క కేక పెట్టాడు.

ఆ 'మూడోసారి' అన్న మాట మేస్త్రికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. బానెట్ ఎత్తాడు. పక్కన కూతురు అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని కింది గొట్టం చూస్తోంది.

"గాలి," అన్నాడు మేస్త్రి, బెంచీకి వినబడేలా. "నీళ్ళ దారిలో గాలి చిక్కుకుంది. మొన్న నీళ్ళు పోసింది ఎవరు? నువ్వేగా? గాలి పూర్తిగా పోనివ్వకుండా మూత బిగించేశావు."

కూతురు లేచి నిలబడింది. "గాలి లేదు నాన్నా. మొన్న అరగంట సేపు ఇంజిను నడిపి, బుడగలు ఆగాకే మూత పెట్టాను. గాలి కాదు సమస్య. అక్కడ ఉండాల్సింది లేదు."

"ఏంటి లేనిది?"

"థర్మోస్టాట్. మళ్ళీ పెడదామని నేను..."

"ముప్ఫై ఏళ్ళుగా తీస్తున్నాను!" అన్నాడు మేస్త్రి. గొంతు లేచింది. "ముప్ఫై ఏళ్ళుగా ఒక్కడూ వచ్చి ఇదేంటని అడగలేదు. నిన్నగాక మొన్న స్పానరు పట్టుకున్నదానివి, నువ్వు నాకు నేర్పుతావా? చేసిన తప్పు ఒప్పుకోవడం చేతకాక బిళ్ళ మీదకి తోస్తావా? ఇవాళ్టి నుంచి ఇంజిను మీద చెయ్యి వెయ్యకు. ముందు గదిలో కూర్చుని ఫోన్లు చూసుకో."

బెంచీ మీద అందరూ టీ గ్లాసుల్లోకి చూశారు. అంతకుముందు రెండుసార్లూ ఆ బండి బానెట్ మూసింది ఎవరో అక్కడ ప్రతివాడికీ తెలుసు. హారన్ బాబాయ్ నోరు తెరవబోయి, టీ ఒక గుక్క తాగి మూసుకున్నాడు. ఆ మనిషి నోరు మూసుకోవడం ఆ రోడ్డులో ఎవరూ చూసి ఉండరు.

కూతురు కూడా ఆ మాట అనలేదు. అనుంటే బాగుండేదని మేస్త్రికి తర్వాత అనిపించింది. అనుంటే ఇంకో నాలుగు కేకలు వేసి తేలికపడేవాడు. ఆమె స్పానర్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచింది. పదో నంబరు, పన్నెండో నంబరు, పద్నాలుగు, వరసగా సంచి అరల్లో పెట్టి చుట్టి, దారం ముడేసింది. సంచి చంకలో పెట్టుకుని, "అమ్మ ఒంటరిగా ఉంది, ఇంటికెళ్తా" అని నడిచి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా మేస్త్రి ఒక్కడే టీచరమ్మ బండి మీద కూర్చున్నాడు. నీళ్ళన్నీ దింపి, కూలెంటు కలిపి కొత్తగా పోశాడు. ఇంజిను నడిపి, గొట్టాలు పిసికి పిసికి బుడగలు రప్పించాడు. గంటన్నర. చివరి బుడగ పోయాక కూడా ఇంకో పావుగంట చూశాడు. అప్పుడు బానెట్ దించి, రెండు అరచేతులూ ఆనించి, గట్టిగా నొక్కి మూశాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర కూతురు తల్లితో అంది. "పాత వంతెన దగ్గర షెడ్డువాళ్ళు ఎప్పట్నుంచో రమ్మంటున్నారమ్మా. సోమవారం పదింటికి వస్తానని చెప్పాను."

తల్లి భర్త వైపు చూసింది. మేస్త్రి పప్పు కలుపుకుంటున్నాడు, కలిపిందే కలుపుకుంటున్నాడు.

*

శుక్రవారం టీచరమ్మకి మధ్యాహ్నం నుంచే సెలవు. "నేనే మీతో వస్తాను పదండి, కొండెక్కి దిగుదాం" అన్నాడు మేస్త్రి. బయట సన్నగా జల్లు పడుతోంది. ఆయనే నడిపాడు, పక్కన టీచరమ్మ కూర్చుంది.

మొదటి రెండు మలుపులూ బండి వెన్నలా ఎక్కింది. మేస్త్రి మీసం దానంతటదే కాస్త పైకి లేచింది. "చూశారా? గాలి. నే చెప్పలేదూ?" మూడో మలుపు దగ్గర ఇంజిను వేడి చూపించే ముల్లు కదిలింది. నాలుగో మలుపులో సగం దాటింది. ఆయన గేరు మార్చాడు, కాలు తేలిక చేశాడు, ముల్లుని బతిమాలినట్టు చూశాడు. అయిదో మలుపు పైన ఎర్రగీత తాకింది. రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆపి, దిగి, బానెట్ ఎత్తాడు.

పై గొట్టం కాలిపోతోంది. అది సరే. మేస్త్రి వంగి కింది గొట్టం కూడా పట్టుకున్నాడు, రేడియేటర్‌లోంచి చల్లబడిన నీళ్ళు తిరిగి ఇంజిన్లోకి వెళ్ళే గొట్టం. పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చల్లగా ఉంది. దాదాపు వాన నీళ్ళంత చల్లగా. రేడియేటర్ కింది భాగం తడిమాడు. అదీ చల్లగానే ఉంది.

ఇంజిను మండిపోతుంటే రేడియేటర్ ఇలా ఖాళీగా కూర్చోవడమేంటి? వేడి నీళ్ళు ఇటు రావడం లేదంటే ఎటు పోతున్నట్టు? చెయ్యి చెబుతున్నది ఒకటి, ఆయనకి తెలిసింది ఒకటి. ఇన్నేళ్ళలో ఆ రెంటికీ తగువు రావడం ఇదే మొదటిసారి.

"మేస్త్రిగారూ, చెయ్యి కాలిందా?" అంది టీచరమ్మ గొడుగు పట్టి.

"లేదమ్మా," అన్నాడు. "కాలుంటే బాగుండేది."

చల్లారాక పైదాకా వెళ్ళి, వెనక్కి తిప్పారు. దిగేటప్పుడు ముల్లు అడుగుకి పడిపోయింది. హీటరు పెడితే పాదాల మీద ఐసు గాలి. రెండో మలుపుకే అద్దం లోపల తెల్లగా ఆవిరి కమ్మేసింది. టీచరమ్మ అలవాటైన చేత్తో గుడ్డ తీసి ఆయన ముందు అద్దం తుడిచింది, మళ్ళీ తుడిచింది. కిందికి వచ్చేదాకా తుడుస్తూనే ఉంది. ఎదురుగా లారీ లైట్లు కనబడిన ప్రతిసారీ మేస్త్రి ఊపిరి బిగపట్టాడు. ఈ ఆడమనిషి ఈ రోడ్డు మీద రోజూ ఒక్కతే ఇలా దిగుతోందా? గుడ్డ ఒక చేత్తో, స్టీరింగు ఒక చేత్తో? ఆయనకి సిగ్గేసింది. కాళ్ళు బిగుసుకుపోయాయి, మొహం మాత్రం వేడెక్కింది.

"సోమవారం దాకా బండి ఇక్కడే ఉంచండి," అన్నాడు షెడ్డు దగ్గర దిగి. ఆమె కళ్ళలోకి చూడలేదు.

శనివారం పొద్దున హారన్ బాబాయ్ వచ్చి, "అయిందా మేస్త్రీ, టీచరమ్మ బండి?" అని అరిచాడు.

"అయింది," అన్నాడు మేస్త్రి. "చిన్న పని మిగిలింది, అంతే."

అబద్ధం. షెడ్డు తెరిచినప్పట్నుంచీ బండి విషయంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం. హారన్ బాబాయ్ తలూపి, తన పాత టాక్సీ ఎక్కాడు. ఎక్కేముందు రెండో జత మేజోళ్ళు పైకి లాక్కున్నాడు. ఏడేళ్ళుగా ఆయన చలికాలమంతా రెండేసి జతలు తొడుక్కుంటున్నాడు. ఆ బండి హీటరు ఏడేళ్ళుగా పనిచెయ్యదు. ముసలి బండి, అంతే. మేస్త్రి చూపు ఆ మేజోళ్ళ మీంచి బల్ల మీది సీసా మీదకి వెళ్ళింది. సీసా కొంచెం తగ్గినట్టు అనిపించింది. ఆ పూటంతా ఆయన దాన్ని ఎవరి ముందూ ఊపలేదు.

*

ఆదివారం పొద్దున మేస్త్రి వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. చదవడం లేదు. వంటింట్లోంచి భార్య గొంతు.

"అయ్యో అయ్యో, నా పాలగిన్నె! అందులో ఇంజిను సామాను ఉడకబెడతావుటే? రేపట్నుంచి పాలు పెట్రోలు వాసనొస్తే మీ నాన్న నన్నే అంటారు."

"శుభ్రంగా తోమాకే వేశానమ్మా. గిన్నె మళ్ళీ నేనే తోమి ఇస్తా. కాసేపు ఉండు, చూద్దువుగానీ."

మేస్త్రి పేపరు మడిచి, మంచినీళ్ళ కోసం వచ్చినట్టు గుమ్మం దాకా వచ్చాడు. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో పెద్ద థర్మామీటరు, ఒక గరిటె కాడకి ఎర్ర దారంతో వేళ్ళాడుతున్న ఇత్తడి బిళ్ళ. కూతురు వంగి చూస్తోంది. ఆయన్ని చూసింది. పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఎవరిదది?" అన్నాడు.

"టీచరమ్మ బండిది. నువ్వు తీయమన్న రోజునే దారం కట్టి సీసాలో వేశాను. మళ్ళీ పెడదామని బుధవారమే తీసి ఇంటికి తెచ్చుకున్నా."

ఎనిమిది నెలలుగా ఆ దారం ఆయన కళ్ళ ముందే ఉంది. కొత్తవాళ్ళకి ఎన్నిసార్లు ఊపి చూపించాడో.

నీళ్ళు అరవై దాటాయి. డెబ్బై. బిళ్ళ కదల్లేదు. "ఇరుక్కుపోయింది, చూశావా?" అందామని మేస్త్రి నోటి చివరిదాకా వచ్చింది. ఎనభై. ఎనభై రెండు దగ్గర బిళ్ళ మధ్యలో వెంట్రుకంత సందు పడింది. చూస్తుండగానే వెడల్పయింది. ఏదో ప్రాణమున్నదాని నోరు తెరుచుకున్నట్టు నెమ్మదిగా, నిండుగా తెరుచుకుంది. దాంట్లో ఏ లోపమూ లేదు. ఏనాడూ లేదు. ఎనిమిది నెలల క్రితం ఆ బండి వేడెక్కింది నీళ్ళు తగ్గే అయ్యుండాలి.

అప్పుడు చూశాడాయన. పై బిళ్ళ తెరుచుకుంటున్న కొద్దీ, కింద ఇంకో చిన్న బిళ్ళ కాడ వెంట దిగుతోంది. ఇన్నేళ్ళలో కొన్ని వందలసార్లు చేత్తో పట్టుకుని కూడా, ఆ రెండో బిళ్ళ ఎందుకుందో ఆయన ఒక్కసారి ఆలోచించలేదు. చల్లటివి పీకి సీసాలో పడేశాడే తప్ప, వేడి నీళ్ళలో ఒక్కదాన్నీ చూడలేదు.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. బండి గురించి ఎవర్నీ ఏమీ అడిగి ఎరగడు.

"ఆ కింది బిళ్ళ... అదేం చేస్తుంది?"

భార్య గిన్నె సంగతి మర్చిపోయి ఇటు తిరిగింది.

"ఇంజిన్లోంచి నీళ్ళు బయటికి రావడానికి రెండు దారులు నాన్నా," అంది కూతురు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "ఒకటి రేడియేటర్‌కి. ఇంకోటి అటు వెళ్ళకుండా తిరిగి ఇంజిన్లోకే వచ్చే దగ్గర దారి. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు తొందరగా కాగడానికి అది. కాగాక ముందు తలుపు తెరుచుకుంటుంది, అదే ఊపులో ఈ కింది బిళ్ళ పెరటి తలుపు మూసేస్తుంది. మనం బిళ్ళ పీకేస్తే రెండు తలుపులూ పోయినట్టే. పెరట్లోంచి దగ్గర దారి ఉంటే నీళ్ళు రేడియేటర్ దాకా ఎందుకెళ్తాయి?"

కింది గొట్టం చల్లదనం ఆయన అరచేతిలోకి మళ్ళీ వచ్చింది.

"అందుకని మెట్ట ఎక్కేటప్పుడు వేడి," అన్నాడు నెమ్మదిగా.

"చల్లగా ఉన్నప్పుడు ముందు తలుపు కూడా తెరిచే ఉంటుంది కాబట్టి దిగేటప్పుడు చలి. నీళ్ళు కాగవు, హీటరు రాదు. కాగని ఇంజిను పెట్రోలు ఎక్కువ తాగుతుంది. బళ్ళు ముసలివై కాదు నాన్నా."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పాను. మూడుసార్లు."

అవును, చెప్పింది. మూడుసార్లూ ఆయన చెవిన పెట్టలేదు. మేస్త్రి గుమ్మానికి ఆనుకున్నాడు. తల కొట్టేసినట్టుంది, ఆ మాట నిజం. కానీ ఆ సిగ్గు కిందే ఇంకోటి కూడా ఉబికింది, ఆయన ఆపుకోలేకపోయాడు. పాలగిన్నెలో, గరిటె కాడకి దారం కట్టి, ఇంత సంగతి తేల్చింది! ఎవరు? తన కూతురు. ఎవరైనా పరాయివాళ్ళు ఆ క్షణంలో ఇంట్లోకి వచ్చుంటే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి గిన్నె చూపించి ఉండేవాడు.

"రేపు వంతెన షెడ్డుకి ఎన్నింటికి వెళ్ళాలి?"

"పదింటికి."

"ఏడింటికి మన షెడ్డుకి రా. ఆ బిళ్ళ తీసుకుని రా." గ్లాసు నిండా నీళ్ళు ముంచుకుని, తాగకుండానే వరండాలోకి వెళ్ళిపోయాడు.

*

సోమవారం ఏడింటికి ఆమె వచ్చింది. స్పానర్ల సంచి కూడా తెచ్చింది. అది ఇక్కడి పని కోసమా, వంతెన షెడ్డు కోసమా అన్నది మేస్త్రి అడగలేదు. లైటు పట్టుకుని నిలబడ్డాడు. ఆ షెడ్డులో మేస్త్రి లైటు పట్టుకోవడం గోడలు కూడా చూసి ఉండవు.

ఆమె నీళ్ళు దింపి, గొట్టం విప్పి, బిళ్ళ కూర్చునే చోటి మూత తీసింది. మూత సందులోంచి నీళ్ళు కారకుండా వేసే పాత గ్యాస్కెట్ మరకలు బ్లేడుతో గీకి, కొత్త గ్యాస్కెట్ కాగితం మీద మూత బోర్లించి, పెన్సిలుతో చుట్టూ గీసి, కత్తెరతో కత్తిరించింది. బోల్టు రంధ్రాలు కూడా సరిగ్గా వచ్చాయి. ఎర్ర దారం విప్పి బిళ్ళని దాని చోట్లో కూర్చోబెట్టింది. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించింది. మేస్త్రికి ఒక్కచోట కూడా "అలా కాదు" అనే అవకాశం దొరకలేదు. రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ "ఊఁ" అన్నాడు. నీళ్ళు పోసి, బుడగలు పోయేదాకా ఇద్దరూ వంగి చూశారు.

"ఇప్పుడు నీ చెయ్యి కావాలి నాన్నా," అంది ఆమె. "పై గొట్టం పట్టుకో. మీటరు పైపైనే చూపిస్తుంది. తలుపు తెరుచుకోవడం నీకైతే తెలుస్తుంది."

మేస్త్రి గొట్టం పట్టుకున్నాడు. ఇంజిను నడుస్తోంది. ముల్లు లేస్తోంది, గొట్టం మాత్రం చల్లగానే ఉంది. నిమిషం. మూడు నిమిషాలు. అయిదు. ఆయన చేతికి తెలిసింది ఇది కాదు. ఆయన చెయ్యి ఎరిగిన బళ్ళలో వేడి ఇంత ఇంత చొప్పున, నీరసంగా పాకుతూ వచ్చేది.

"ఇంకా లేదు," అన్నాడు. "ఇంకా లేదు."

ఆమె లోపలి ముల్లు మీద కన్నేసి నిలబడింది. బెంచీ మీద ఒక్కొక్కళ్ళే వచ్చి కూర్చుంటున్నారు.

ఉన్నట్టుండి గొట్టం ఆయన గుప్పిట్లో ఒక్కసారి బిగుసుకుంది. వేడి నీళ్ళు ఒక్క ఉరుకున అరచేతి కిందనుంచి పోయాయి.

"వచ్చింది!" అని అరిచాడు. హారన్ బాబాయ్ కేకని మించిన కేక. చెయ్యి తియ్యలేదు, కాలుతున్నా తియ్యలేదు. "వచ్చిందే అమ్మా! ఎనభై రెండు!"

ఆమె నవ్వింది. గురువారం తర్వాత ఆ నవ్వు చూడటం అదే మొదటిసారి.

కింది గొట్టం కూడా వేడెక్కడం చూసుకున్నాక, ఆమె అలవాటుగా బానెట్ దగ్గర్నుంచి పక్కకి తప్పుకుంది. మేస్త్రి కదల్లేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"మూసెయ్."

"నేనా?"

"మరి పని చేసిందెవరు?"

"బండి తిరిగొస్తే?"

"వస్తే పూచీ నీదే. చట్టం చట్టమే," అన్నాడు మేస్త్రి. ఆ మాట ఎంత పొగరుగా అన్నాడంటే, బెంచీ మీద ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

ఆమె కడ్డీ తీసి బానెట్ దించింది. రెండు అరచేతులూ ఆనించి నొక్కింది. 'టక్'మని పడింది. పెద్ద చప్పుడేం కాదు.

ఎనిమిదింటికి టీచరమ్మ వచ్చింది. కూతురు ఆమె పక్కన కూర్చుంది, బండి కొండెక్కింది. మేస్త్రి రోడ్డు మీదే నిలబడ్డాడు. తొమ్మిదైంది. తొమ్మిదిన్నరైంది.

"ఏమంటావు మేస్త్రీ, ఈసారైనా గాలి పోయిందా?" అన్నాడు హారన్ బాబాయ్.

మేస్త్రి రోడ్డు మీంచి బెంచీ దగ్గరికి వచ్చాడు. బండి ఇంకా రాలేదు. వచ్చాక చెప్పడం తేలికే. రాకముందే చెప్పాలనిపించింది.

"అసలు గాలే లేదు బాబాయ్. అందరూ వినండి. ఆ బండి బానెట్ మూసింది నేను. ముందు రెండుసార్లూ నేనే, గురువారం కూడా నేనే. నా చట్టం ప్రకారం తిట్లు నావి. మీ అందరి ముందూ నా కూతుర్ని తిట్టాను కాబట్టి మీ అందరి ముందే చెబుతున్నా. తప్పు నాది. దాన్ని పట్టుకుంది మా అమ్మాయి." లోపలికి వెళ్ళి సీసా తెచ్చి బెంచీ మీద పెట్టాడు. "ఇవన్నీ నేను మీ బళ్ళలోంచి పీకినవి. పీకకుండా ఉండాల్సింది. ప్రతి బండీ మళ్ళీ తీసుకురండి. ఒక్కొక్కటే తిరిగి పెడతాం."

హారన్ బాబాయ్ సీసాలోకి తొంగి చూశాడు. తర్వాత తన కాళ్ళ వైపు, రెండు జతల మేజోళ్ళ వైపు చూసుకున్నాడు.

"అంటే ఏడేళ్ళుగా నా మోకాళ్ళ నొప్పులు నీ పుణ్యమేనా?"

"నా పుణ్యమే."

"ఓరి నీ వేడి మేస్త్రీ!" అన్నాడు బాబాయ్. తిట్టడానికి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు, కానీ నవ్వు వచ్చేసింది. "సరే, మొదటి బండి నాది. ముందే చెబుతున్నా, బానెట్ మాత్రం అమ్మాయే మూయాలి. నువ్వు ముట్టుకుంటే ఒప్పుకోను."

"నేను లైటు పట్టుకుంటాలే," అన్నాడు మేస్త్రి.

పది దాటింది. పదిన్నరకి కొండ మలుపులో చిన్న కారు కనబడింది. అద్దం శుభ్రంగా ఉంది. లోపల ఇద్దరూ స్పష్టంగా కనబడుతున్నారు. టీచరమ్మ ఒంటి మీద శాలువా లేదు. బండి ఆపి, కిటికీ దించి, ఆమె బల్ల తుడిచే గుడ్డని మేస్త్రి చేతిలో పెట్టింది.

"ఇది మీ దగ్గరే ఉంచండి. నాకిక దీంతో పనిలేదు. రెండుసార్లు ఎక్కి దిగి చూశాం, ఆలస్యమైందని బడిలో తిడతారు, తిట్టనీండి."

కూతురు దిగింది. షెడ్డు ముందు అప్పటికే బాబాయ్ టాక్సీ, దాని వెనక ఇంకో మూడు పాత బళ్ళు వరసలో నిలబడ్డాయి. ఆమె వాటిని చూసింది, బెంచీ మీది సీసా చూసింది, తండ్రి మొహం చూసింది. ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"పది దాటిపోయింది," అన్నాడు మేస్త్రి. గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు, చేతులకి మరకేం లేదు. "వంతెన షెడ్డువాళ్ళు ఎదురుచూస్తుంటారేమో. వెళ్ళాలంటే బాబాయ్ దింపుతాడు."

ఆమె జేబులోంచి ఫోను తీసి నంబరు నొక్కింది.

"నమస్తే అండీ. ఇవాళ వస్తానన్నాను కదా... లేదండీ, రాలేను. రేపు కూడా కుదరదు." ఆమె సీసా వైపు మళ్ళీ చూసింది. "మా షెడ్డులో పని చాలా ఉందండీ. బానెట్లు నేనే మూయాలి."

ఫోను పెట్టేసి, స్పానర్ల సంచి ముడి విప్పి, బాబాయ్ టాక్సీ వైపు నడిచింది. మేస్త్రి లైటు తీసుకుని ఆమె వెనకాల వెళ్ళాడు.